ప్రొటీన్ నిర్మాణంలో రెసిడ్యూల మధ్య కాంటాక్టులు లెక్కించడం ఎలా

ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం (గొలుసులో చేరాక దాన్నే రెసిడ్యూ అంటారు) దేన్ని ఆనుకుని ఉందో చెప్పే కోడ్ చాలా చిన్నది. పరమాణువుల మధ్య దూరాలు కొలిచి, ఒక కటాఫ్ (దూరానికి హద్దు) పెట్టి, దాని లోపలున్న జతలను రాసుకుంటే అయిపోతుంది. జాబితా తప్పుగా వచ్చిందంటే కారణం సాధారణంగా ఆ లెక్కలో దొరకదు. ఫైలును సరిగా సిద్ధం చేయకపోవడంలోనో, కాంటాక్ట్ అంటే ఏమిటో ముందు తేల్చుకోకపోవడంలోనో దొరుకుతుంది. అందుకే కింద లెక్కకన్నా దాని ముందూ వెనకా చేయాల్సిన పనుల గురించే ఎక్కువగా ఉంటుంది. మీకు పైథాన్ కొద్దిగా వచ్చని, బయోపైథాన్ (జీవశాస్త్రానికి పైథాన్ లైబ్రరీ), కైమెరాఎక్స్ (నిర్మాణాలను తెరపై చూపే ప్రోగ్రామ్) మీ దగ్గర ఉన్నాయని అనుకుని రాస్తున్నాం.

1. ఏది కాంటాక్టో ముందే తేల్చుకోండి

మీ ప్రశ్నను బట్టి నిర్వచనం మారుతుంది. రెండు నిర్మాణాల మొత్తం ఆకారాన్ని పోల్చాలన్నా, ఊహించిన మోడల్‌ను ప్రయోగంలో తేలిన నిర్మాణంతో సరిచూడాలన్నా సీ-బీటా (వెన్నెముక గొలుసు నుంచి పక్కకు వేలాడే సైడ్ చెయిన్‌లో మొదటి కార్బన్) పరమాణువుల మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ నానోమీటరులో పదో వంతు) పెట్టుకోండి. ప్రొటీన్ నిర్మాణాలను ఊహించే కాస్ప్ పోటీల్లో కాంటాక్ట్ అంటే ఇదే. గ్లైసిన్‌కు సీ-బీటా లేదు కాబట్టి దాని సీ-ఆల్ఫా (వెన్నెముకలో సైడ్ చెయిన్ అతుక్కునే కార్బన్) తీసుకుంటారు.

ఏ సైడ్ చెయిన్ దేన్ని ఒరుసుకుని ఉంది, ఏ మ్యుటేషన్ ఏ పొరుగువాటిని కదిలిస్తుంది అన్నది మీ ప్రశ్న అయితే సీ-బీటా సరిపోదు. రెండు రెసిడ్యూల్లోని హైడ్రోజన్ కాని పరమాణువుల్లో ఏ ఒక్క జతైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉందా అని చూడాలి. ఈ అంకె గాల్లోంచి వచ్చింది కాదు. కార్బన్ వాన్ డర్ వాల్స్ వ్యాసార్ధం 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి రెండు కార్బన్లు ఆనుకుంటే కేంద్రాల మధ్య 3.4 ఉంటుంది. వాటి మధ్య వరసలో ఒక నీటి అణువు దూరాలంటే దాని వ్యాసం 2.8 కూడా కలిపి 6.2 కావాలి. 4.5 దగ్గర ఆపితే ఒరుసుకున్నవీ కాస్త వదులుగా కూర్చున్నవీ వస్తాయి, మధ్యలో నీరు చేరినవి రావు. 6కి పెంచారంటే అడ్డంగా మరో పరమాణువు ఉన్న జతలు కూడా జాబితాలోకి వచ్చేస్తాయి.

సీ-ఆల్ఫా మధ్య 7 లేదా 8 ఆంగ్‌స్ట్రామ్‌ల కటాఫ్ ముతక నెట్‌వర్క్ గీసుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి దాన్ని నమ్మకండి. సీ-ఆల్ఫాలు దగ్గరగా ఉండి సైడ్ చెయిన్లు చెరో పక్కకూ తిరిగి ఉండవచ్చు. ఆర్జినైన్ విషయంలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. సైడ్ చెయిన్ పూర్తిగా చాచుకున్నప్పుడు దాని చివరి నైట్రోజన్ తన సీ-ఆల్ఫాకు దాదాపు 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటుంది, కాబట్టి బలమైన సాల్ట్ బ్రిడ్జ్ (వ్యతిరేక ఆవేశాల మధ్య బంధం) కట్టుకున్న రెండు రెసిడ్యూల సీ-ఆల్ఫాల మధ్య 10 దాటిన దూరం కూడా ఉండొచ్చు. కోడ్ వేగంగా నడవాలని ముందు సీ-ఆల్ఫా దూరం 10 లోపున్న జతలనే ఏరుకునేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఇవే. ముందు వడపోత పెట్టాలనుకుంటే 20 పెట్టండి. అసలు కేడీ-ట్రీ (దగ్గరి బిందువులను త్వరగా వెతికే డేటా నిర్మాణం) వాడితే ఈ వడపోత అవసరమే రాదు.

2. సరైన ఫైలు తెచ్చుకోండి

పీడీబీ (ప్రొటీన్ నిర్మాణాల బహిరంగ భాండాగారం) నుంచి డౌన్‌లోడ్ చేసే ముందు మూడు విషయాలు చూడండి.

మొదటిది రిజొల్యూషన్ (ఎంత చిన్న వివరం తేలిందో చెప్పేది, అంకె తగ్గేకొద్దీ మెరుగు). 2 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంతకన్నా మెరుగైతే సైడ్ చెయిన్ల స్థానాలను చాలావరకు నమ్మవచ్చు. 3 దాటితే వెన్నెముక గొలుసు సరిగానే ఉన్నా సైడ్ చెయిన్లు ఎటు తిరిగాయన్నది చాలాచోట్ల ఊహే. అలాంటి నిర్మాణంలో 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల హైడ్రోజన్ బంధం ఉంది, 3.6ది లేదు అని తీర్పు చెప్పడంలో అర్థం లేదు. సీ-బీటా కాంటాక్టులతో సరిపెట్టుకోండి.

రెండోది, ఫైల్లో ఉన్నది అసిమ్మెట్రిక్ యూనిటా, బయలాజికల్ అసెంబ్లీయా? మామూలుగా దిగే ఫైలు అసిమ్మెట్రిక్ యూనిట్, అంటే స్ఫటికంలో పునరావృతమయ్యే కనీస భాగం. బయలాజికల్ అసెంబ్లీ అంటే కణంలో పనిచేసే పూర్తి రూపం. కణంలో ప్రొటీన్ డైమర్‌గా (రెండు చెయిన్ల జతగా) పనిచేస్తున్నా ఫైల్లో ఒక్క చెయినే ఉండవచ్చు, అప్పుడు ఇంటర్‌ఫేస్ (చెయిన్లు కలిసే తలం) కాంటాక్టులు మీ జాబితాలో సున్నా. పాత పీడీబీ ఫార్మాట్‌లో రిమార్క్ 350 చదవండి, లేదా అసెంబ్లీ ఫైలునే దింపుకోండి. ఒకే కాంప్లెక్స్ నాలుగైదు కాపీలుగా ఉండడమూ మామూలే. బార్నేజ్ అనే ఎంజైము, దాన్ని అడ్డుకునే బార్‌స్టార్ కలిసిన కాంప్లెక్స్ ఉన్న 1బీఆర్ఎస్ అనే పీడీబీ ఫైలు తెరిస్తే ఆరు చెయిన్లు కనిపిస్తాయి: ఏ, బీ, సీ బార్నేజ్‌లు, డీ, ఈ, ఎఫ్ బార్‌స్టార్లు. జతలు ఏ–డీ, బీ–ఈ, సీ–ఎఫ్. ఇది చూసుకోకుండా 'ఏ' (A) చెయిన్‌ను 'ఈ' (E) చెయిన్‌తో కలిపి లెక్కిస్తే దొరికేది స్ఫటికంలో ప్యాకింగ్ మాత్రమే, ఈ రెండు ప్రొటీన్ల బంధం గురించి అది ఏమీ చెప్పదు.

మూడోది పద్ధతి. ఎన్ఎమ్ఆర్ నిర్మాణమైతే ఫైల్లో చాలా మోడళ్లు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. మోడల్ నంబరు ఎంచుకోకుండా పరమాణువులన్నీ ఒకే జాబితాలో వేస్తే ప్రతి రెసిడ్యూ తన మరో మోడల్ కాపీనే తాకుతున్నట్టు వస్తుంది. ఒక్కో మోడల్‌ను విడిగా లెక్కించి, ఎన్ని మోడళ్లలో ఆ కాంటాక్ట్ ఉందో శాతంగా రాసుకోండి. ఆల్ఫాఫోల్డ్ (నిర్మాణాన్ని ఊహించే ఏఐ ప్రోగ్రామ్) మోడల్ అయితే బీ-ఫ్యాక్టర్ (పరమాణువు స్థానంలో అస్థిరత) ఉండాల్సిన చోట పీఎల్‌డీడీటీ (ఊహ మీద నమ్మకానికి మార్కు) ఉంటుంది. బీ-ఫ్యాక్టర్ ఎక్కువైతే అనుమానించాలి, పీఎల్‌డీడీటీ ఎక్కువైతే నమ్మాలి. రెండు రకాల ఫైళ్లకూ ఒకే వడపోత కోడ్ వాడితే మంచి భాగాలను పారేసి చెడ్డవాటిని ఉంచుకుంటారు. పీఎల్‌డీడీటీ 70 కన్నా తక్కువున్న రెసిడ్యూల సైడ్ చెయిన్ కాంటాక్టులను పక్కన పెట్టండి. రెండు డొమైన్ల (విడిగా మడతపడే భాగాల) మధ్య కాంటాక్టులకైతే పీఏఈ మ్యాపు (రెసిడ్యూ జతల పరస్పర స్థానాల్లో ఎంత తప్పు ఉండొచ్చో చూపేది) కూడా చూడాలి. ఒక్కో డొమైన్‌కు విడివిడిగా మంచి మార్కులు పడ్డా వాటి పరస్పర అమరిక తప్పు కావచ్చు.

3. ఫైలును శుభ్రం చేయండి

ఎక్కువ సమయం పట్టేది ఈ దశకే, ఎక్కువమంది దాటవేసేదీ దీన్నే.

పీడీబీ ఫైలును ఖాళీల దగ్గర ముక్కలు చేసి చదవకండి. ఆ ఫార్మాట్‌లో ప్రతి సమాచారానికీ స్థిరమైన నిలువు వరసలున్నాయి: పరమాణువు పేరు 13–16, ప్రత్యామ్నాయ స్థానం గుర్తు 17, చెయిన్ 22, రెసిడ్యూ నంబరు 23–26, ఇన్సర్షన్ కోడ్ 27, ఎక్స్ 31–38, వై 39–46, జెడ్ 47–54. రెసిడ్యూ నంబరు వెయ్యికి చేరగానే చెయిన్ అక్షరం, నంబరు అంటుకుపోతాయి. మైనస్ వందల్లో ఉన్న కోఆర్డినేట్లూ అంతే. చిన్న ప్రొటీన్ల మీద నెలల తరబడి బాగా నడిచిన స్క్రిప్ట్ ఒక పెద్ద కాంప్లెక్స్ దగ్గర చడీచప్పుడు లేకుండా తప్పు అంకెలు ఇవ్వడానికి ఇదొక్కటి చాలు. తయారుగా ఉన్న పార్సర్ వాడండి.

ప్రత్యామ్నాయ స్థానాలు: కొన్ని సైడ్ చెయిన్లు స్ఫటికంలో రెండు భంగిమల్లో కనిపిస్తాయి, ఫైల్లో రెండూ ఉంటాయి. బయోపైథాన్ తనంతట తానే ఎక్కువ ఆక్యుపెన్సీ (స్ఫటికంలో ఆ భంగిమ వాటా) ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. మీరు సొంతంగా చదివితే ఒక్క భంగిమనే ఉంచండి. పక్కపక్కనున్న రెండు రెసిడ్యూల్లో ఒకదాని 'ఏ' (A) భంగిమనూ మరోదాని 'బీ' (B) భంగిమనూ కలిపి కొలిస్తే, ఏకకాలంలో ఎన్నడూ లేని కాంటాక్ట్ పుట్టుకొస్తుంది.

హెట్‌ఆటమ్ వరసలన్నీ (ప్రామాణిక రెసిడ్యూలు కానివాటి పరమాణువులు) తీసేయడం మరో అలవాటు. నీరు, బఫర్ అణువులు పోతాయి, నిజమే. వాటితోపాటు సెలెనోమెథియోనిన్ (గంధకం బదులు సెలీనియం ఉన్న మెథియోనిన్, ఫైల్లో పేరు ఎమ్ఎస్ఈ) కూడా పోతుంది, ఎందుకంటే అది హెట్‌ఆటమ్‌గానే నమోదవుతుంది. హైడ్రోఫోబిక్ (నీటికి దూరంగా ఉండే) కోర్ మధ్యలో మెథియోనిన్ ఉండాల్సిన చోట బొక్క పడి, చుట్టూ ఉన్న ల్యూసిన్లకు కాంటాక్టులు తగ్గిపోతాయి. ఎమ్ఎస్ఈ అన్న పేరును మెట్‌గా మార్చి ఉంచుకోండి, ఫాస్ఫోసెరిన్ లాంటి మార్పు చెందిన రెసిడ్యూలను కూడా ఒక్కసారి వెతకండి.

సీఏ అన్న పేరు సీ-ఆల్ఫాకూ ఉంది, కాల్షియం అయాన్‌కూ ఉంది. పీడీబీ ఫార్మాట్‌లో మొదటిది 14వ నిలువు వరసలో, రెండోది 13వ నిలువు వరసలో మొదలవుతుంది. ఖాళీలు కత్తిరించాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. పేరుతోపాటు మూలకం గడి కూడా చూస్తే కాల్షియం మీ కాంటాక్ట్ మ్యాపులోకి (ఏ రెసిడ్యూ దేన్ని తాకిందో చూపే చదరపు పట్టికలోకి) చొరబడదు.

హైడ్రోజన్లు: ఎక్స్-రే ఫైళ్లలో సాధారణంగా ఉండవు, ఎన్ఎమ్ఆర్ ఫైళ్లలోనూ సిమ్యులేషన్ ఫ్రేముల్లోనూ ఉంటాయి. 4.5 కటాఫ్‌కు హైడ్రోజన్లను అన్నిచోట్లా తీసేయండి. ఒక ఫైల్లో ఉంచి మరోదాన్లో లేకుండా పోల్చితే, హైడ్రోజన్లున్న నిర్మాణం ఊరికే గట్టిగా ప్యాక్ అయినట్టు కనిపిస్తుంది.

ఆస్పరజిన్, గ్లుటమిన్ చివర్లలో ఆక్సిజన్, నైట్రోజన్ ఎటు ఉన్నాయో ఎలక్ట్రాన్ సాంద్రతలో తేడా తెలియడం కష్టం, కాబట్టి ఫైల్లో అవి తారుమారై ఉండవచ్చు. హిస్టిడిన్ రింగు కూడా తిరగబడి ఉండవచ్చు. కేవలం దూరాల కాంటాక్టులకు ఇది పెద్ద విషయం కాదు. హైడ్రోజన్ బంధాలు లెక్కించబోతుంటే మాత్రం మోల్‌ప్రోబిటీలోని రెడ్యూస్ ప్రోగ్రామ్‌తో సరిచేయించుకోండి. అదే హైడ్రోజన్లను కూడా పెడుతుంది.

చివరగా రిమార్క్ 465, 470 చదవండి. మొదటిది అసలు కనిపించని రెసిడ్యూల జాబితా, రెండోది పరమాణువులు లోపించినవాటిది. సీ-బీటా దాకానే కట్టిన లైసిన్‌కు కాంటాక్టులు లేకపోవడం ప్రొటీన్ లక్షణం కాదు, ఫైల్లోని లోపం. ఆ రెసిడ్యూలకు 'సున్నా' బదులు 'సమాచారం లేదు' అని రాసుకోండి.

4. నంబర్ల గొడవ

ఎమ్ఎమ్‌సిఫ్ (పీడీబీ కొత్త ఫార్మాట్) ఫైళ్లలో ప్రతి రెసిడ్యూకూ, ప్రతి చెయిన్‌కూ రెండు గుర్తింపులుంటాయి: ఆథ్ (నిర్మాణాన్ని తేల్చినవాళ్లు ఇచ్చింది), లేబుల్ (పీడీబీ ఇచ్చింది). పరిశోధన పత్రాల్లో వాడేది సాధారణంగా ఆథ్ నంబరు. బయోపైథాన్ మామూలుగా ఇచ్చేది కూడా అదే. వేరే టూల్ లేబుల్ నంబర్లు ఇచ్చి, మీరు రెండింటినీ ఒకే పట్టికలో కలిపితే అంతా కొన్ని స్థానాలు జరిగిపోతుంది. యాంటీబాడీల్లో, సెరిన్ ప్రొటియేజుల్లో ఇన్సర్షన్ కోడ్లు ఉంటాయి. 52, 52ఏ వేర్వేరు రెసిడ్యూలు. నంబరు ఒక్కటే గుర్తింపుగా పెట్టుకుంటే రెండూ ఒక్కటైపోతాయి. చెయిన్, నంబరు, ఇన్సర్షన్ కోడ్ మూడూ కలిపి గుర్తింపుగా వాడండి.

5. లెక్క

బయోపైథాన్‌లో నైబర్‌సెర్చ్ క్లాస్‌కు శుభ్రం చేసిన పరమాణువుల జాబితా ఇచ్చి, సెర్చ్-ఆల్ ఫంక్షన్‌ను 4.5తో పిలవండి. రెసిడ్యూ స్థాయిలో జవాబు అడగవచ్చు గానీ, పరమాణువు స్థాయిలోనే తీసుకోండి. ఏ పరమాణువు దేన్ని తాకిందో తర్వాతి దశకు కావాలి. అదే రెసిడ్యూలోని జతలను తీసేయండి. మిగిలినవాటిని రెసిడ్యూ జతలుగా గుంపు చేసి, ఒక్కో జతకు కనిష్ఠ దూరం, పరమాణు జతల సంఖ్య, ఆ కనిష్ఠ దూరం ఏ రెండు పరమాణువుల మధ్యదో రాసుకోండి. ఐ–జే, జే–ఐ రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూసుకోండి.

ఇప్పుడు వరసలో పక్కపక్కనే ఉన్నవాటిని తీసేయాలి. పొరుగు రెసిడ్యూల సీ-ఆల్ఫాలు ఎలాగూ 3.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటాయి. ఆల్ఫా హెలిక్స్‌లో నాలుగు స్థానాల అవతలి సీ-ఆల్ఫా 6 ఆంగ్‌స్ట్రామ్‌లకు కాస్త పైనే ఉంటుంది, కాబట్టి 8 కటాఫ్‌లో హెలిక్స్ మొత్తం తనలో తానే కాంటాక్టులతో నిండిపోతుంది. మడత గురించి మాట్లాడాలంటే కనీసం 6 స్థానాల ఎడం పెట్టండి. కాస్ప్‌లో 6–11 దగ్గరివి, 12–23 మధ్యస్థం, 24 ఆపైన దూరపు కాంటాక్టులు.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఎడాన్ని జాబితాలో వరస సంఖ్యతో లెక్కిస్తే, మధ్యలో లూప్ కనిపించని చోట 40వ రెసిడ్యూ, 61వ రెసిడ్యూ పొరుగువైపోతాయి. రెసిడ్యూ నంబర్లతోనే లెక్కించండి. రెండోది ఇంకా దారుణం: ఈ నియమాన్ని వేర్వేరు చెయిన్లకు కూడా వర్తింపజేయడం. హోమోడైమర్‌లో (ఒకే ప్రొటీన్ రెండు కాపీల జతలో) సిమ్మెట్రీ అక్షం మీద 'ఏ' (A) చెయిన్‌లోని 50వ రెసిడ్యూ 'బీ' (B) చెయిన్‌లోని 50వ దాన్నే తాకవచ్చు. ఎడం సున్నా అని కోడ్ దాన్ని పారేస్తే ఇంటర్‌ఫేస్ నడిబొడ్డే మాయమవుతుంది.

పరమాణు జతల సంఖ్యను బలానికి కొలతగా వాడాలనుకుంటే ట్రిప్టోఫాన్, ఆర్జినైన్ ఎప్పుడూ గెలుస్తాయి, ఎందుకంటే వాటికి పరమాణువులు ఎక్కువ. ప్రొటీన్ నెట్‌వర్కులపై పనిచేసిన సరస్వతి విశ్వేశ్వర బృందం వాడిన పద్ధతిలో ఆ సంఖ్యను రెండు రెసిడ్యూ రకాల ప్రామాణిక విలువల గుణకారపు వర్గమూలంతో భాగించి శాతంగా రాస్తారు. నెట్‌వర్క్ విశ్లేషణకు ఇలాంటి సవరణ తప్పనిసరి.

6. ఏ రకం కాంటాక్టో విడదీయండి

డైసల్ఫైడ్ తేలిక: రెండు సిస్టీన్ల గంధకాల మధ్య 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల.

సాల్ట్ బ్రిడ్జ్‌కు ఆస్పార్టేట్ లేదా గ్లుటమేట్ కార్బాక్సిల్ ఆక్సిజన్, లైసిన్ లేదా ఆర్జినైన్ సైడ్ చెయిన్ నైట్రోజన్ మధ్య 4.0 లోపు చూడండి. హిస్టిడిన్‌ను ధనావేశంగా తీసుకున్నారా లేదా అన్నది ముందే నిర్ణయించుకుని రాసిపెట్టండి, లేకపోతే రెండు పట్టికలు ఎప్పటికీ కలవవు.

హైడ్రోజన్ బంధానికి దాత, గ్రహీతల మధ్య 3.5 లోపు, హైడ్రోజన్ దగ్గర కోణం 120 డిగ్రీల పైన అన్నది మంచి ఆరంభం. కోణం చూడకుండా దూరంతోనే తీర్పు చెబితే, పక్కనుంచి తగిలిన ఆక్సిజన్–నైట్రోజన్ జతలు కూడా బంధాలుగా లెక్కకొస్తాయి. డీఎస్ఎస్‌పీ (హెలిక్సులు, స్ట్రాండ్లు గుర్తించే ప్రోగ్రామ్) దూరానికి బదులు శక్తిని లెక్కిస్తుంది, మోలుకు మైనస్ 0.5 కిలోకేలరీల కన్నా తక్కువైతే బంధం అంటుంది, అదీ వెన్నెముక పరమాణువులకే. ప్లిప్ (ప్రొటీన్‌కూ దానికి అంటుకున్న అణువుకూ మధ్య కాంటాక్టులు చూపే టూల్) 4.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా బంధంగా ఒప్పుకుంటుంది. మూడు టూల్స్ మూడు సంఖ్యలిస్తే కంగారు పడకుండా ముందు వాటి డిఫాల్టులు చూడండి.

హైడ్రోఫోబిక్ కాంటాక్ట్ అంటే అధ్రువ సైడ్ చెయిన్ల కార్బన్ల మధ్య 4.5 లోపు. లైసిన్ పొడవాటి కార్బన్ తోక కూడా ఇలా ఆనుకోగలదు, రెసిడ్యూ పేరు చూసి దాన్ని కొట్టేయకండి. కాటయాన్–పై బంధానికి ధనావేశం నుంచి ఆరోమాటిక్ రింగు కేంద్రానికి 6 లోపు అన్నది చాలామంది వాడే హద్దు.

ఒకే జత రెండు మూడు రకాల్లో పడవచ్చు. పడనివ్వండి, బలవంతంగా ఒకే పేరు పెట్టాల్సిన పనిలేదు. కాకపోతే మొత్తం కాంటాక్టుల సంఖ్య చెప్పేటప్పుడు ఆ జతను ఒక్కసారే లెక్కించండి.

7. తెలిసిన నిర్మాణంతో పరీక్షించండి

సొంత ప్రొటీన్ మీదికి వెళ్లే ముందు కోడ్‌ను ఈ మూడింటి మీద నడపండి. క్రాంబిన్, 1సీఆర్ఎన్, 46 రెసిడ్యూలు: 3–40, 4–32, 16–26 డైసల్ఫైడ్లు మూడూ రావాలి. యుబిక్విటిన్, 1యూబీక్యూ, 76 రెసిడ్యూలు: కాంటాక్ట్ మ్యాపులో 23–34 హెలిక్స్ వికర్ణాన్ని అంటిపెట్టుకున్న పట్టీలా, మొదటి 17 రెసిడ్యూల్లోని హెయిర్‌పిన్ వికర్ణానికి లంబంగా, మొదటి స్ట్రాండ్‌కూ చివరి స్ట్రాండ్‌కూ మధ్య సమాంతర జత వికర్ణానికి దూరంగా, సమాంతర గీతగా కనిపించాలి. ఆ రెండు గీతల దిశలు తారుమారైతే మీ మాత్రికలో ఒక అక్షం తిరగబడింది.

మూడోది 1బీఆర్ఎస్, ఏ–డీ జత. బార్‌స్టార్‌లోని ఆస్పార్టేట్ 39 బార్నేజ్‌లోని ఆర్జినైన్ 83, ఆర్జినైన్ 87, హిస్టిడిన్ 102లతో కాంటాక్టులో ఉండాలి. ఈ ఇంటర్‌ఫేస్‌లో నీటి అణువులు కూడా చాలా చిక్కుకుని ఉంటాయి. నీటి ఆక్సిజన్ రెండు పక్కలా 3.5 లోపున్న ధ్రువ పరమాణువులను వెతికే కోడ్ రాసి ఉంటే దానికి ఇది మంచి పరీక్ష. ఆ కోడ్‌కు నీటిని తీసేయని ఫైలు ఇవ్వాలని మరవకండి.

తర్వాత మీ జాబితాలోంచి ఏవైనా పది జతలు తీసి కైమెరాఎక్స్‌లో కళ్లతో చూడండి. దాని కాంటాక్ట్స్ కమాండ్ స్థిర దూరంతో కాక వాన్ డర్ వాల్స్ వ్యాసార్ధాల అతివ్యాప్తితో పనిచేస్తుంది, డిఫాల్ట్ మైనస్ 0.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. కాబట్టి మీ సంఖ్యతో అచ్చంగా కలవదు, దగ్గరి జతలు మాత్రం రెండింట్లోనూ ఉండాలి.

8. పోల్చేటప్పుడు

ఒకే నిర్మాణాన్ని 4.0, 4.5, 5.0 మూడు కటాఫ్‌లతో నడిపి చూడండి. మ్యుటెంట్‌లో పోయిందని మీరనుకుంటున్న కాంటాక్ట్ 4.4 నుంచి 4.6కు జరిగి ఉంటే అది పోలేదు, హద్దు దాటింది. అందుకే అవును–కాదు పట్టిక పక్కన కనిష్ఠ దూరాలను ఎప్పుడూ ఉంచండి. అదే ప్రొటీన్‌కు రెండు వేర్వేరు స్ఫటిక నిర్మాణాలుంటే ముందు వాటిలో వాటిని పోల్చండి. మ్యుటేషన్ లేకుండానే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది, మ్యుటెంట్ తేడా దాన్ని మించితేనే దాని గురించి మాట్లాడాలి.

సిమ్యులేషన్ ట్రాజెక్టరీ అయితే లెక్కకు ముందు పీరియాడిక్ పెట్టె అంచు దగ్గర విరిగిన అణువులను అతికించండి. లేదంటే కొన్ని ఫ్రేముల్లో ఇంటర్‌ఫేస్ అంతా ఒక్కసారిగా మాయమై, తర్వాతి ఫ్రేములో తిరిగొస్తుంది. గ్రాఫ్‌లో నిట్టనిలువు గుంటలు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. యూనిట్లు కూడా చూసుకోండి: ట్రాజెక్టరీలు చదివే పైథాన్ లైబ్రరీల్లో ఎమ్‌డీట్రాజ్ నానోమీటర్లలో ఇస్తుంది, ఎమ్‌డీఅనాలిసిస్ ఆంగ్‌స్ట్రామ్‌లలో. ఎమ్‌డీట్రాజ్‌లో 0.45 బదులు 4.5 పెడితే చిన్న ప్రొటీన్‌లో దాదాపు ప్రతిదీ ప్రతిదాన్నీ తాకుతుంది, అది వెంటనే పట్టుబడుతుంది. ఎమ్‌డీఅనాలిసిస్‌లో 0.45 పెడితే ఒక్క కాంటాక్టూ రాదు. ఆ సున్నాను చూసి ప్రొటీన్ విచ్చుకుపోయిందని నివేదిక రాసేయకుండా ముందు కటాఫ్ పెట్టిన వరస తెరిచి చూడండి.